తోటలో ఒక్క మొక్క, దారిలో 65

కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో వేసవి మొదట్లో ఒక ఆకు తెంపి, తిరగేసి, భూతద్దం పెట్టి చూస్తే ఈనెల మధ్య చిన్న చిన్న ఉబ్బులు కనిపిస్తాయి. చిక్కుడు గింజ ఆకారంలో, ఆకు పైపొర కింద దూర్చినట్టు ఉంటాయి. అవి లీఫ్‌హాపర్ గుడ్లు. లీఫ్‌హాపర్ అంటే పచ్చదోమకు దగ్గరి చుట్టం. ఆకు రసం పీల్చి, పచ్చటి ఆకును తెల్లటి చుక్కలతో పాలిపోయేలా చేస్తుంది. ఆ ఉబ్బుల్లో కొన్ని రంగులేకుండా ఉంటాయి, కొన్ని ఎర్రగా ఉంటాయి. రంగులేని గుడ్డులోంచి లీఫ్‌హాపర్ పిల్ల వస్తుంది. ఎర్రబడిన గుడ్డులోంచి వచ్చేది మాత్రం ఒక కందిరీగ. ద్రాక్షతోటల మధ్య స్థానిక మొక్కల పట్టీలు, అంటే కారిడార్లు, ఎందుకు వేయాలన్న కథ ఈ కందిరీగతోనే మొదలవుతుంది.

ఆ కందిరీగ పేరు అనాగ్రస్. ఒళ్లు మిల్లీమీటరు కూడా ఉండదు. రెక్కల అంచున వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఎగరడం కన్నా గాలిలో తేలడమే ఎక్కువ. ఇది తన గుడ్డును లీఫ్‌హాపర్ గుడ్డు లోపల పెడుతుంది. పిల్ల ఆ గుడ్డును తినేసి పెరుగుతుంది. వ్యవసాయ భాషలో ఇలాంటి వాటిని బదనికలు అంటారు. ఒక సీజన్‌లో లీఫ్‌హాపర్ రెండు మూడు తరాలు పూర్తి చేసేలోపు అనాగ్రస్ ఎనిమిది తొమ్మిది తరాలు పూర్తి చేస్తుంది. ఈ లెక్కన గెలుపు కందిరీగదే కావాలి. కానీ చాలా తోటల్లో అది వసంతంలో ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి లీఫ్‌హాపర్ ముందుకెళ్లిపోయి ఉంటుంది.

చిక్కంతా చలికాలంతోనే. లీఫ్‌హాపర్ చలికాలాన్ని ఎదిగిన పురుగుగానే, ఎండుటాకుల కింద, గడ్డి దుబ్బుల్లో నక్కి గడిపేస్తుంది. అప్పుడు గుడ్లు పెట్టదు. అనాగ్రస్‌ చలికాలం గడవాలంటే మాత్రం ఏదో ఒక పురుగు గుడ్డు లోపలే ఉండాలి. ద్రాక్షతీగ ఆకు రాల్చేశాక తోటలో గుడ్డన్నది దొరకదు. అంటే ద్రాక్షతోట ఎంత పెద్దదైనా, ఎంత ఆరోగ్యంగా ఉన్నా, తనకు మేలు చేసే పురుగును ఏడాది పొడవునా పోషించలేదు. అది తోట దాటి పోవాలి, మళ్లీ తిరిగి రావాలి.

ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు 1960లలో డౌట్, నకాటా అనే ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు జవాబు పట్టుకున్నారు. వాగుల ఒడ్డున పెరిగే బ్లాక్‌బెర్రీ పొదల మీద వేరే జాతి లీఫ్‌హాపర్ ఉంటుంది. చలికాలంలో కూడా ఆ ఆకుల్లో దాని గుడ్లు దొరుకుతాయి. అనాగ్రస్ ఆ గుడ్లలో తలదాచుకుని, ద్రాక్ష చిగురించగానే తోటలోకి వస్తోంది. బ్లాక్‌బెర్రీ పొదలకు దగ్గరగా ఉన్న తోటల్లో కందిరీగ ముందుగా కనపడటానికి కారణం అదే. రైతులు అడ్డమనుకుని కొట్టేసే ముళ్ల పొద, పురుగు అదుపులో పనికొచ్చే ఇల్లని తేలింది.

ద్రాక్షతోటల మధ్య స్థానిక మొక్కల కారిడార్లు ఉండాలన్న వాదానికి మొదటి మెట్లలో ఇదొకటి. ప్రపంచంలో ద్రాక్ష సాగవుతున్న నేల దాదాపు 72 లక్షల హెక్టార్లు. అందులో చాలా భాగం ఒకే మొక్క, ఒకే వయసు, ఒకే ఎత్తు, సాలు తర్వాత సాలు. మధ్యలో ఒక పచ్చటి పట్టీ వదిలితే పురుగుల బెడద తగ్గుతుందనీ, జంతువులు దాటడానికి దారి దొరుకుతుందనీ, నేల కొట్టుకుపోదనీ చెబుతారు. ఇవన్నీ కొంతవరకు నిజమే. కానీ అన్నీ ఒకే పట్టీతో, ఒకే మొక్కలతో జరగవు. పురుగుల అదుపు ఒక పని, అడవి జీవాలకు చోటివ్వడం ఇంకో పని. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే సగం గందరగోళం.

దారి వేస్తే నిజంగా నడిచాయా?

పురుగుల సంగతి ముందు చూద్దాం. దీని మీద ఎక్కువగా ఉదహరించే ప్రయోగం ఉత్తర కాలిఫోర్నియాలోని హాప్‌లండ్‌లో జరిగింది. వాగు పక్క అడవిని ఆనుకుని ఒక సేంద్రియ ద్రాక్షతోట ఉంది. ఆ అడవి అంచు నుంచి తోటను చీలుస్తూ 600 మీటర్ల పొడవున ఒక పట్టీ వేశారు. అందులో 65 రకాల మొక్కలున్నాయి. వసంతం నుంచి శరదృతువు దాకా ఏదో ఒకటి పూస్తూనే ఉండేలా కూర్చారు. 1996, 1997 సీజన్లలో క్లారా నికోల్స్, మిగెల్ అల్టియేరి అనే పరిశోధకుల బృందం అక్కడ పురుగులను లెక్కించింది.

ఈ పట్టీకి, అంటే దారికి, దగ్గరి సాళ్లలో లీఫ్‌హాపర్లు, తామర పురుగులు తక్కువ. దూరం పోయేకొద్దీ ఎక్కువ. వాటిని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు, చిన్న నల్లులు దారి పక్కన ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. దారి లేని పక్క మడిలో ఇలాంటి తేడా కనిపించలేదు. అంటే అడవి అంచున ఉండిపోయే భక్షక పురుగులను ఈ పట్టీ తోట నడిమధ్యకు తీసుకొచ్చింది. కారిడార్ అన్న మాటకు ఇంతకన్నా సూటి అర్థం దొరకదు.

విచిత్రం ఏమిటంటే, కథ మొదలైంది ఏ కందిరీగతోనో, ఆ అనాగ్రస్‌లో మాత్రం దారి దగ్గర, దూరం అన్న తేడా కనిపించలేదు. తోటంతా ఒకేలా పరుచుకుంది. గాలిలో తేలుతూ వచ్చే ప్రాణికి నడిచే దారి అక్కర్లేదేమో. సాలీడుకు కావాల్సిన దారి వేరు, కందిరీగకు కావాల్సింది వేరు. దీన్ని పట్టించుకోకుండా, పచ్చటి పట్టీ వేస్తే మిత్ర పురుగులన్నీ వరస కట్టి వస్తాయని చెప్పడం అతిశయోక్తే.

పైగా ఇది ఒక తోటలో, దారి ఉన్న మడి ఒకటి, లేని మడి ఒకటి పెట్టి చేసిన పని. నేల తేడా, నీటి తేడా, గాలి వాలు, ఏదైనా లెక్కను కాస్త అటూ ఇటూ చేయగలదు. అంత కష్టపడి చేసిన ప్రయోగాన్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఒక్క తోట ఫలితాన్ని ప్రపంచ సూత్రంగా తిప్పడం తొందరపాటు అని.

అదే తోటలో చిన్నదైనా రైతుకు వెంటనే పనికొచ్చే సంగతి ఇంకోటి తెలిసింది. సాళ్ల మధ్య పెంచిన గడ్డీ పూల మొక్కలను ఒక సాలు వదిలి ఒక సాలు కోస్తే, అందులో ఉన్న మిత్ర పురుగులు చోటు పోయి పక్కనున్న తీగల మీదికి ఎక్కాయి. అంటే పూల మొక్కల్లో మిత్ర పురుగులు నిండుగా ఉండటం ఒక్కటే చాలదు. అక్కడే హాయిగా ఉండిపోతే తీగకు ఒరిగేది లేదు. వాటిని సరైన సమయంలో కదిలించాలి. తీరా కోత ఎప్పుడంటే, లీఫ్‌హాపర్ గుడ్లు పెట్టే రోజుల్లో.

దూరం ప్రశ్నకు మంచి జవాబు రావడానికి కారణం ప్రూన్ చెట్లు. ఇవి ఎండబెట్టి అమ్మే ప్లమ్ రకం. బ్లాక్‌బెర్రీలాగే వీటి మీదా ఒక లీఫ్‌హాపర్ చలికాలమంతా గుడ్ల రూపంలో ఉంటుంది. తోటకు గాలి వచ్చే వైపు నాలుగు వరసల ప్రూన్ చెట్లు పెడితే అనాగ్రస్‌కు ఆశ్రయం దొరుకుతుందని కొందరు రైతులు పెట్టారు కూడా. మరి తోటలోకి వచ్చే కందిరీగల్లో ఎన్ని ఆ చెట్ల నుంచి వస్తున్నాయి? కార్బెట్, రోసెన్‌హైమ్ అనే పరిశోధకులు ప్రూన్ చెట్లకు రుబీడియం పిచికారీ చేశారు. ఆ మూలకం ఆకు నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి కందిరీగ ఒంట్లోకి చేరుతుంది. తర్వాత తోటలో పట్టిన కందిరీగలను పరీక్షిస్తే ఏది ఆ చెట్ల నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. 1996లో వెలువడిన ఫలితం: ఒక తోటలో మూడో వంతు ఆ చెట్ల నుంచి వచ్చాయి. ఇంకో తోటలో 1 శాతం. మిగతావన్నీ బయట వేరే చోట్ల నుంచి.

ఈ రెండు అంకెల మధ్య తేడాయే అసలు పాఠం. చుట్టూ ఉన్న భూమి మీద ఇప్పటికే పొదలు, వాగులు, చెట్లు ఉంటే, కొత్తగా వేసే చిన్న పట్టీ వల్ల కలిసొచ్చేది కొద్ది. చుట్టూ ఏమీ లేని చోట అదే పట్టీ ప్రాణాధారం. కారిడార్ వేయాలా వద్దా అన్నది తోట లోపల నిలబడి తేల్చే ప్రశ్న కాదు.

అదే పొద, ఇంకో చుట్టం

బ్లాక్‌బెర్రీ పొదకు రెండో ముఖం ఉంది. అది తెలియకుండా పొదలు పెంచమని చెప్పడం రైతును ముంచడమే.

1880లలో లాస్ ఏంజలెస్ పరిసరాల్లో వేల ఎకరాల ద్రాక్షతోటలు ఎండిపోయాయి. కారణం వెతకడానికి న్యూటన్ పియర్స్ అనే శాస్త్రవేత్తను పంపితే, ఆయన 1892లో నివేదిక ఇచ్చాడు కానీ సూక్ష్మజీవిని పట్టుకోలేకపోయాడు. జబ్బుకు మాత్రం ఆయన పేరే మిగిలింది: పియర్స్ వ్యాధి. కారణమైన బ్యాక్టీరియాకు 1987లో గానీ పేరు పెట్టలేదు, జైలెల్లా అని. ఇది తీగలో నీళ్లు పోయే గొట్టాలను మూసేస్తుంది. ఆకు అంచుల నుంచి మాడుతుంది. చివరికి ఆకు రాలి కాడ మాత్రం తీగకు అగ్గిపుల్లలా అంటిపెట్టుకుని నిలుస్తుంది. తోటలో నడుస్తూ ఆ పుల్లలు చూసిన రైతుకు అనుమానం గట్టిపడుతుంది. మందు లేదు.

ఉత్తర కాలిఫోర్నియా తీర లోయల్లో ఈ బ్యాక్టీరియాను మోసేది నీలి ఆకుపచ్చ రంగు షార్ప్‌షూటర్ అనే పురుగు. అది పిల్లల్ని పెట్టేది వాగు ఒడ్డున. దానికి ఇష్టమైన మొక్కల్లో బ్లాక్‌బెర్రీ ఒకటి, మాచిపత్రి జాతి మగ్‌వర్ట్ ఒకటి, ఎల్డర్‌బెర్రీ ఒకటి, అలంకారం కోసం తెచ్చి వదిలేస్తే వాగంతా అల్లుకున్న వింకా తీగ ఇంకోటి. ఈ మొక్కల్లో చాలావాటిలో బ్యాక్టీరియా ఉన్నా జబ్బు లక్షణం కనిపించదు. వసంతం రాగానే చలికాలం దాటిన పురుగులు వాగు నుంచి దగ్గరి తీగల చిగుళ్ల మీదికి వస్తాయి. అందుకే ఈ ప్రాంతాల్లో పియర్స్ వ్యాధి మచ్చ ఎప్పుడూ వాగు వైపే మొదలవుతుంది, వంద మీటర్ల లోపే ఎక్కువ నష్టం.

అంటే లీఫ్‌హాపర్‌ను తినే కందిరీగకు చలికాలపు ఇల్లు, తోటను చంపే బ్యాక్టీరియా వాహకానికి పురిటిల్లు, రెండూ ఒకే పొద.

దీనికి మొదట్లో దొరికిన పరిష్కారం మొరటుది: వాగు ఒడ్డంతా నరికేయడం, లేదా మందు కొట్టడం. ఒడ్డు నరికితే నేల కోసుకుపోతుంది, నీటిలో చేపలకు నీడ పోతుంది, పైగా కాలిఫోర్నియాలో వాగు ఒడ్డు మార్చాలంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి కావాలి. తర్వాత వచ్చిన పద్ధతి తెలివైనది. షార్ప్‌షూటర్ గుడ్లు పెట్టే మొక్కలను మాత్రమే ఏరి తీసేసి, ఆ ఖాళీల్లో దానికి పనికిరాని స్థానిక చెట్లు, పొదలు నాటడం. ఓక్ చెట్లు, సతతహరిత చెట్లు, కొన్ని గడ్డి జాతులు పెడతారు. వాగు అడవి వాగు అడవిగానే ఉంటుంది, కొన్ని చోట్ల ముందుకన్నా మెరుగవుతుంది కూడా, ఎందుకంటే తీసేసే వాటిలో బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన కలుపే ఎక్కువ. పురుగు మాత్రం తగ్గుతుంది.

కారిడార్ల విషయంలో పనికొచ్చే నియమం ఇక్కడే ఉంది: మొక్కను జాతి పేరుతో ఎంచుకోవాలి. పచ్చదనం ఎంతన్నది కాదు, ఏ మొక్క ఏ పురుగును పోషిస్తుందన్నది చూడాలి. ఐరోపా రైతులకూ ఈ టెన్షన్ ఉంది. మచ్చల రెక్కల పండు ఈగ 2008లో అక్కడ కనిపించినప్పటి నుంచి, అడవి బ్లాక్‌బెర్రీ, ఎల్డర్ ఉన్న పొదల వరసలు దానికి నిల్వ కేంద్రాలయ్యాయి. తీగను పసుపు పచ్చ చేసే బ్వా నువార్ జబ్బును మోసే పురుగు ఉండేది దురదగొండి లాంటి నెటిల్ మొక్క వేళ్ల మీద. దాన్ని పూర్తిగా పీకేయడమూ కుదరదు, ఎందుకంటే ఎన్నో సీతాకోకచిలుకల గొంగళ్లకు అదే మేత. ఎప్పుడు కోయాలి, ఎక్కడ ఉంచాలి అన్నది చూసుకోవడం తప్ప దారి లేదు.

స్థానికమే ఎందుకు?

పూలున్న ఏ మొక్కైనా తేనె ఇస్తుంది కదా, స్థానికమే కావాలా అన్నది న్యాయమైన ప్రశ్న. న్యూజిలాండ్‌లోని వైపారా లోయలో స్టీవ్ రాటెన్ బృందం ద్రాక్షసాళ్ల మధ్య బక్‌వీట్ అనే గింజల పంట చల్లి, ఆకుచుట్టు పురుగును చంపే బదనిక కందిరీగలకు తేనె అందించింది. తేనె దొరికిన కందిరీగ, దొరకనిదాని కన్నా కొన్ని రెట్లు ఎక్కువ రోజులు బతుకుతుంది. బక్‌వీట్ అక్కడి మొక్క కాదు. అయినా పని చేసింది. కాబట్టి స్థానికం అన్న మాటలో మాయేమీ లేదు.

కానీ బక్‌వీట్‌ను ఏటా విత్తాలి, నీళ్లు పెట్టాలి, మంచు పడితే చస్తుంది. పదేళ్లు, ఇరవై ఏళ్లు తన పని తాను చేసుకునే పట్టీ కావాలంటే ఆ నేలకూ ఆ ఎండకూ అలవాటు పడ్డ మొక్కలే గతి. ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాల అనుభవం ఇందుకు చక్కటి ఉదాహరణ. అక్కడ ద్రాక్షకు ముఖ్య శత్రువు లేత గోధుమ రంగు యాపిల్ చిమ్మట. దాని గొంగళి ఇసబ్‌గోల్ జాతి ప్లాంటెయిన్, డాక్, క్లోవర్ లాంటి వెడల్పాకు కలుపు మీద చలికాలం గడిపి, వసంతంలో తీగ మీదికి ఎక్కుతుంది. ఈ కలుపులో చాలా భాగం బయటి నుంచి వచ్చిందే. సాళ్ల మధ్య అలాంటివి పెరగనిస్తే శత్రువుకు అన్నం పెట్టినట్టే.

మేరీ రెటలాక్ అనే పరిశోధకురాలు అక్కడి స్థానిక మొక్కలను ఈ కోణంలోనే పరీక్షించారు. బర్సారియా అనే ముళ్ల పొద, ముళ్ల టీ ట్రీ, వాలబీ గడ్డి, ఈ మూడూ మిత్ర పురుగులతో నిండుగా ఉన్నట్టు తేలింది. బర్సారియా మండు వేసవిలో, మిగతావి ఎండిపోయే సమయంలో, తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది. అంటే తోటలో బదనికలకు ఆకలి పెరిగే రోజుల్లో తేనె దొరుకుతుంది. ముళ్లు దట్టంగా ఉండటం వల్ల చిన్న పిట్టలు గూడు కట్టుకుంటాయి. ఇక వాలబీ గడ్డి సాళ్ల మధ్య పెట్టడానికి అనువైనది: పొట్టిగా దుబ్బు కడుతుంది, ట్రాక్టర్ చక్రానికి తట్టుకుంటుంది, వేసవిలో నీళ్ల కోసం తీగతో పెద్దగా పోటీ పడదు. దాని మొదళ్లలో సాలీళ్లు కాపురం పెడతాయి.

ఒక్క పొద చాలదు, ఒక్క గడ్డీ చాలదు. పైన పూలు, మధ్యలో ముళ్లు, కింద దుబ్బు, మూడు ఎత్తుల్లోనూ ఏదో ఒకటి ఉంటేనే ఎగిరేవి, పాకేవి, గూడు కట్టేవి అన్నీ నిలుస్తాయి.

నక్కకు కావాల్సిన దారి

ఇప్పుడు రెండో పని. కారిడార్ అన్న మాట అసలు పుట్టింది జంతువుల కోసం: ముక్కలైపోయిన అడవి మధ్య ఒక వంతెన. ద్రాక్షతోటల ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు. ద్రాక్షకు పేరున్న కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికా కేప్, దక్షిణ ఆస్ట్రేలియా, మధ్యధరా తీరం, ఇవన్నీ ఒకే రకం వాతావరణం ఉన్నవి. చలికాలం వాన, వేసవి పొడి. ఇలాంటి వాతావరణం భూమి మీద నేల భాగంలో 2 శాతం చోటే ఉంది. ప్రపంచంలోని మొక్క జాతుల్లో ఐదో వంతు అక్కడే పెరుగుతాయి. ద్రాక్షకు నచ్చిన నేలా, అరుదైన మొక్కలకు నచ్చిన నేలా ఒకటే కావడం దురదృష్టం. కేప్ ప్రాంతంలో సుమారు 9 వేల మొక్క జాతులున్నాయి, వాటిలో దాదాపు 70 శాతం ఇంకెక్కడా లేవు. అక్కడి పల్లపు నేలల్లోని రెనోస్టర్‌వెల్డ్ పొదభూమిలో గోధుమకూ ద్రాక్షకూ పోగా పదో వంతు కూడా మిగలలేదు.

జోడీ హిల్టీ, అడీనా మెరెన్‌లెండర్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో వాగుల వెంట, తోటల లోపల ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి మాంసాహార జంతువులను లెక్కించారు. 2004లో ప్రచురించిన ఫలితం ప్రకారం తోటలో కన్నా వాగు ఒడ్డున జంతువులు 11 రెట్లు ఎక్కువగా కెమెరాకు చిక్కాయి. ఒడ్డున పచ్చదనం వెడల్పుగా ఉన్నచోట స్థానిక జంతువుల రకాలూ ఎక్కువ. అంటే నక్కా, బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లీ తోటను దాటలేవని కాదు, దాటడానికి ఇష్టపడవు. పది మీటర్ల పూల పట్టీ సాలీడుకు రాజమార్గం. బాబ్‌క్యాట్‌కు అది దారే కాదు.

ఇంకో సంగతి తరచూ మరిచిపోతారు: కంచె. జింకలు చిగుళ్లు తినకుండా తోట చుట్టూ ఎత్తైన వల కంచె వేస్తారు. వాగును కూడా లోపల కలిపేసి కంచె వేస్తే, ఎంత పచ్చగా ఉన్నా ఆ వాగు రెండు కొసలా తాళం వేసిన వరండా. ప్రతి మడికీ విడిగా కంచె వేసి, వాగును బయట వదిలేస్తే దారి తెరుచుకుంటుంది. కొత్త మొక్క ఒక్కటి కూడా నాటక్కర్లేదు.

చిలీలో పరిస్థితి వేరు. అక్కడ కొండవాలు మీద ఇంకా సహజ పొదభూమి మిగిలి ఉంది: సబ్బులా నురగనిచ్చే కియాయ్ చెట్టు, పెయుమో, బోల్డో. తోటలు లోయలోంచి పైకి ఎక్కుతున్నాయి. 2008లో మొదలైన ‘వైన్, వాతావరణ మార్పు, జీవవైవిధ్యం’ అనే కార్యక్రమంలో పరిశోధకురాలు ఓల్గా బార్బోసా బృందం వైన్ కంపెనీలతో కలిసి పనిచేసింది. వాళ్ల పట్టు ప్రధానంగా ఒకటే: ఉన్నదాన్ని వదిలేయండి. కొండ మీది పొదభూమికీ, కింది వాగుకూ మధ్య నీరు కోసిన పల్లాల్లో పెరిగిన చెట్లను కొట్టకపోతే కారిడార్ ఉన్నట్టే. దక్షిణాఫ్రికాలో 2004లో మొదలైన ‘జీవవైవిధ్యం, వైన్’ కార్యక్రమం కూడా అదే తీరున, ముందు మిగిలిన ముక్కలను దున్నకుండా ఆపడం మీదే నిలబడింది. కొత్తగా నాటిన పట్టీ వంద ఏళ్ల పొదభూమికి సాటి రాదు. నాటడానికి ఫోటో బాగా వస్తుంది, వదిలేయడానికి రాదు. అంతే తేడా.

పిట్టల మాటకొస్తే రైతు భుజాలు బిగుస్తాయి. పొదలు పెంచితే పిట్టలొస్తాయి, పిట్టలొస్తే పళ్లు పోతాయి. భయం నిజమే, కానీ ఏ పిట్ట అన్నది ఇక్కడా ముఖ్యం. కాలిఫోర్నియా తోటల్లో బ్లూబర్డ్ అనే పిట్టల కోసం గూటి పెట్టెలు పెట్టి, ప్రయోగంగా గొంగళ్లను ఉంచి చూస్తే, పెట్టెలున్న చోట 2.4 రెట్లు ఎక్కువ గొంగళ్లు మాయమయ్యాయి. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరోలో కొండల్లో ఉండే స్థానిక డేగను 2005 నుంచి తోటల్లోకి తెచ్చి పెంచారు. డేగ ఉన్న తోటల్లో బయటి నుంచి వచ్చిన బ్లాక్‌బర్డ్, స్టార్లింగ్ లాంటివి తీసుకుపోయే పళ్లు 95 శాతం తగ్గాయి. సిల్వర్‌ఐ అనే చిన్న పిట్ట సంఖ్య తగ్గలేదు, కానీ అవి పొడిచిన పళ్లు 55 శాతం తక్కువ. పిట్టలు అక్కడే ఉన్నాయి. భయంతో తినడం తగ్గించాయి.

ఎక్కడ వేయాలి

ఇక స్థలం. తీగలు సరిగా కాయని మూలలు ప్రతి తోటలో ఉంటాయి: రాళ్లు తేలిన చోటు, నీరు నిలిచే పల్లం, ట్రాక్టర్ మలుపు, కాలవ గట్టు. ఖర్చు లెక్క అక్కడే కుదురుతుంది. మంచి మడి మధ్యలో రెండు సాళ్లు పీకి పట్టీ వేయమంటే ఏ రైతూ వినడు, వినక్కర్లేదు కూడా.

వాలు నేల అయితే ఒక జాగ్రత్త. వసంతపు చలి రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి నీళ్లలా కిందికి జారుతుంది. వాలుకు అడ్డంగా, కింది అంచున దట్టమైన పొదల గోడ వేస్తే ఆ గాలి ఆనకట్ట వెనక నీళ్లలా నిలబడుతుంది. తెల్లారేసరికి చిగుళ్లు మాడిపోతాయి. పొదలు పురుగులకు ఎంత మేలు చేసినా ఆ ఒక్క రాత్రి నష్టాన్ని పూడ్చలేవు. అందుకే కింది అంచు పట్టీలో గాలి పోవడానికి ఖాళీలు వదులుతారు, లేదా వాలు వెంటే పైనుంచి కిందికి పట్టీ వేస్తారు. కొండ నుంచి వాగుకు దారి కూడా అప్పుడే కలుస్తుంది.

మందుల సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. బూడిద తెగులుకు గంధకం, అంచు కలుపుకు కలుపు మందు కొట్టినప్పుడు గాలికి పట్టీ మీద పడేది తక్కువేమీ కాదు. పట్టీ పక్క మొదటి సాలుకు ఒకవైపు నుంచే, లోపలికి తిప్పి కొట్టడం తేలిక మార్గం. అది చేయకపోతే పట్టీ పచ్చగానే కనిపిస్తుంది, అందులో బతికేవి ఉండవు.

మొదటి రెండు మూడేళ్లు పట్టీ చూడటానికి బాగోదు. నాటిన పొద మోకాలి ఎత్తు రాదు, చుట్టూ కలుపు భుజాల ఎత్తు. ఆ దశలో అది నిజంగానే శత్రు పురుగులకు ఇల్లుగా ఉండొచ్చు, ఎందుకంటే పెరిగింది కలుపే కాబట్టి. చాలా పట్టీలు దున్నేసేది ఈ రెండో ఏడాదిలోనే. పొదలు కమ్ముకున్నాక కలుపు దానంతట అదే నీడకు చస్తుంది.

పని చేస్తోందో లేదో చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పట్టీ పక్క మొదటి సాలులో, పదో సాలులో, ముప్పయ్యో సాలులో ఒక్కో చోట కొన్ని ఆకులు తెంపి, తిరగేసి, భూతద్దం కింద ఎర్ర గుడ్లెన్నో, రంగులేనివెన్నో ఒక కాగితం మీద రాసుకోవాలి. పక్కనే పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, ఏ పురుగు ఎప్పుడు మొదట పడిందో తేదీ వేసుకోవాలి. వాగు వైపు అట్ట మీద నీలి ఆకుపచ్చ రెక్కల పురుగు పడితే, ఆ రోజే పట్టీలోకి దిగి అది ఏ మొక్క మీద కూర్చుందో వెతకాలి.